టాంజానియా సరుకు: బస్తా కంటే ముందు దేశం తెలియాలి

కందుల బజారులో గాని, జీడిపప్పు బజారులో గాని ‘ఆఫ్రికా సరుకు’ అన్న ఒక్క మాటతోనే బేరాలు సాగిపోతున్నాయి. ఆఫ్రికా యాభైకి పైగా దేశాలున్న ఖండం. టాంజానియా కందికీ, మలావి కందికీ గింజ ఒకటి కాదు, రేవు ఒకటి కాదు, ఏలుబడి అసలే ఒకటి కాదు. ధర అడిగే వర్తకుడు దేశాన్ని గురించి కూడా నాలుగు ముక్కలు అడిగి తెలుసుకొంటే, గత పదేళ్లలో మనవారు చవిచూసిన నష్టాలలో కొన్నింటినైనా ముందుగా పసిగట్టి ఉండేవారు. టాంజానియా సరుకు ధరను వానలు, రేవు, అక్కడి సర్కారు, ఇక్కడి సర్కారు నడిపిస్తాయి. మొదటి మూడింటికీ వర్తకుడు ఏదో ఒక జాగ్రత్త పడగలడు. నాలుగోదానికి ఈనాటికీ మందు లేదు. అది దొరకాలన్నదే ఈ వ్యాసకర్త వాదన.

దేశం, భాష

టాంజానియా విస్తీర్ణం సుమారు 9 లక్షల 45 వేల చదరపు కిలోమీటర్లు. అంటే ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండూ కలిపితే వచ్చే విస్తీర్ణానికి దాదాపు మూడున్నర రెట్లు. 2022 జనాభా లెక్కల ప్రకారం జనం 6 కోట్ల 17 లక్షలు. నేల విస్తారం, నోళ్లు తక్కువ. కనుకనే ఎగుమతికి సరుకు మిగులుతున్నది.

ఇది రెండు దేశాల కలయిక. ప్రధాన భూభాగమైన టాంగన్యీకా 1961 డిసెంబరులో బ్రిటిష్ వారి నుంచి స్వతంత్రమైనది. లవంగాల దీవి జాంజిబార్ 1963 డిసెంబరులో స్వతంత్రమై, 1964 జనవరిలో విప్లవం చూసి, అదే ఏడాది ఏప్రిల్ 26న టాంగన్యీకాతో కలిసింది. నేటికీ జాంజిబార్‌కు సొంత అధ్యక్షుడు, సొంత శాసనసభ ఉన్నవి. రాజధాని దేశం నడుమనున్న డొడొమా. వ్యాపారానికి గుండెకాయ మాత్రం దారెస్ సలామ్ రేవు.

జాతీయ భాష స్వాహిలీ. ఆ పేరే తీరం అనే అరబ్బీ మాట నుంచి వచ్చినది. శతాబ్దాలుగా మన పశ్చిమ తీరపు వర్తకులతో నడిచిన వ్యాపారం ఆ భాషలో జాడలు వదిలింది. వారు దుకాణాన్ని ‘దుకా’ అంటారు, ఇన్సూరెన్సును ‘బీమా’ అంటారు, లక్షను ‘లాకి’ అంటారు. హుండీ అన్న మాట కూడా వారికి తెలిసినదే. కందులు ‘మ్బాజీ’, జీడిగింజలు ‘కొరోషో’, లవంగాలు ‘కరాఫు’.

ఫోనులో బేరాలు చేసేవారికి పనికివచ్చే సంగతి ఇంకొకటి ఉన్నది. స్వాహిలీలో గంటల లెక్క సూర్యోదయంతో మొదలవుతుంది. మన ఏడు గంటలు వారికి ‘ఒకటో గంట’, తొమ్మిది గంటలు ‘మూడో గంట’. ఇంగ్లీషులో మాట్లాడేటప్పుడు మామూలు లెక్కే చెబుతారు. స్వాహిలీలో చెప్పిన వేళను మాత్రం రెండోసారి అడిగి రూఢి చేసుకోవడం మేలు.

అరూషా, మత్వారా

బొంబాయి బజారులో పలికే అరూషా, మత్వారా అనే కంది రకాల పేర్లు విత్తనం పేర్లు కావు, ఊళ్ల పేర్లు. అరూషా ఉత్తరాన, కిలిమంజారో కొండకు చేరువలో ఉన్నది. మత్వారా (అక్కడివారి పలుకుబడిలో మ్త్వారా) దక్షిణాన మొజాంబిక్ సరిహద్దు దగ్గరి రేవు పట్టణం. ఉత్తరాన ఏటా రెండు వర్షకాలాలు. మార్చి నుంచి మే వరకు పెద్ద వానలు, అక్టోబరు నుంచి డిసెంబరు వరకు చిన్న వానలు. దక్షిణాన నవంబరుకు అటూ ఇటూ మొదలై ఏప్రిల్, మే దాకా ఒకే వర్షకాలం. ‘టాంజానియాలో వానలు బాగున్నవట’ అన్న కబురు వినగానే ‘ఏ టాంజానియాలో’ అని అడగవలసి ఉన్నది.

కందిని ఎక్కువగా మొక్కజొన్నలో అంతరపంటగా వేస్తారు. సంవత్సరాంతంలో విత్తితే మొక్కజొన్న ముందు ఇంటికి వస్తుంది. కంది చేలో నిలిచి, మన ఆషాఢ శ్రావణాల నుంచి ఆశ్వయుజం వరకు బజారుకు దిగుతుంది. తాండూరు, కలబురగి మార్కెట్లకు కొత్త కంది రావడం డిసెంబరు, జనవరిలో. పాత నిల్వలు కరిగి, పప్పు మిల్లులు గింజ కోసం చూసే నెలల్లో టాంజానియా సరుకు ఓడ దిగుతున్నది. దాని విలువంతా ఈ కాలం తేడాలోనే ఉన్నది. అదే సరుకు రెండు నెలలు ఆలస్యమైతే మన రైతు కందికి పోటీ అవుతుంది, ధరా పలకదు.

తీరంలో కందిని కొబ్బరిపాలతో వండుకొని తింటారు గాని, వర్తకానికి వచ్చే సరుకులో అత్యధిక భాగం మన దేశం మీదనే ఆధారపడి ఉన్నది. కొనేవాడు ఒక్కడే అయితే అమ్మేవాని గతి ఏమవుతుందో 2017లో తెలిసింది.

2017 పాఠం

2015 చివర కందిపప్పు కిలో 200 రూపాయలు దాటిన చోట్లున్నవి. ఆ ధర చూసి రైతులు కంది విరివిగా వేశారు. 2015-16లో సుమారు 25 లక్షల 60 వేల టన్నులున్న దేశపు పంట, 2016-17లో 48 లక్షల 70 వేల టన్నులకు పెరిగింది. బోనసుతో కలిపి క్వింటాలు 5,050 రూపాయల మద్దతు ధర ప్రకటించినా అనేక యార్డులలో ధర దానికి దిగువనే మందకొడిగా సాగింది. 2017 ఆగస్టు 5న కేంద్ర ప్రభుత్వం వారు కందుల దిగుమతిని ఏడాదికి 2 లక్షల టన్నులకు పరిమితం చేశారు. 2016లో ప్రభుత్వాల మధ్య కుదిరిన ఒప్పందం ఉన్నందున మొజాంబిక్‌కు మినహాయింపు దొరికింది. టాంజానియాకు అటువంటి రక్షణ లేదు.

ఆ తేదీని మరొకసారి చూడండి. ఆగస్టు మొదటి వారమంటే అక్కడ కంది కోత, నూర్పిడి సాగుతున్న సమయం. పెట్టుబడి పెట్టేశారు, పంట కళ్లంలో ఉన్నది, కొనేవాడు తలుపు మూశాడు. అక్కడి ధరలు కుప్పకూలినవి. కోయడానికి పెట్టిన కూలి కూడా గిట్టని పరిస్థితి వచ్చింది. ఇక్కడ బయానా ఇచ్చినవారు, బ్యాంకులో సాఖపత్రాలు తెరిచినవారు కాగితాలు పట్టుకొని తిరిగారు.

నాలుగేళ్లు తిరగకముందే చక్రం అటు తిరిగింది. మన పంట చాలక 2021 మే నెలలో పరిమితిని తొలగించారు. 2023 మార్చిలో సుంకాన్ని కూడా తీసివేశారు. ఆ తర్వాత గడువును ఏడాదికొకసారి చొప్పున పొడిగిస్తూ వచ్చారు. గడువు ముగిసే వేళకు ఏమవుతుందోనని వర్తకులు గాలివార్తలు నమ్ముకొని కొనుగోళ్లు చేయవలసిన పరిస్థితి.

అక్కడి సర్కారు చేయి

తప్పంతా మన వైపే ఉన్నదనడం న్యాయం కాదు. టాంజానియాలో ప్రభుత్వం బజారులోకి దిగడం కొత్త కాదు. జూలియస్ న్యెరేరే 1967లో అరూషా ప్రకటనతో సామ్యవాద మార్గం పట్టి బ్యాంకులను, పెద్ద కంపెనీలను, జనుప నారకు పోటీగా నిలిచిన సైసల్ తోటలలో అధిక భాగాన్ని జాతీయం చేశారు. ఆయన 1985లో పదవి నుంచి తప్పుకొన్న తర్వాత ప్రైవేటు వర్తకానికి దారి తెరుచుకొన్నది. అయినా పాత అలవాటు పూర్తిగా పోలేదు.

జీడిగింజల సంగతే చూడండి. మత్వారా, లిండి ప్రాంతాలలో అక్టోబరు నుంచి జనవరి వరకు గింజ రాలుతుంది. మన పంటా, పశ్చిమ ఆఫ్రికా పంటా ఫిబ్రవరి తర్వాతనే. కనుక పలాస వంటి చోట్ల బట్టీలు ఖాళీ పడకుండా చూసుకొనేవారికి టాంజానియా గింజ అక్కరకు వచ్చే సరుకు. అక్కడ 2007 నుంచి గోదాము రసీదుల పద్ధతి నడుస్తున్నది. రైతు సంఘం గింజను గోదాములో దించితే వేలం పాటలో కొనాలి. నేరుగా చేలోకి వెళ్లి కొనడానికి వీలు లేదు. ఈ పద్ధతిని క్రమంగా నువ్వులకు, పప్పుధాన్యాలకు కూడా విస్తరింపజేశారు.

2018లో వేలంలో వర్తకులు వేసిన ధరలు రైతులకు నచ్చలేదు. నవంబరులో అధ్యక్షుడు జాన్ మగుఫులి పంట మొత్తం ప్రభుత్వమే కిలో 3,300 షిల్లింగులకు (నాటి లెక్కన సుమారు నూరు రూపాయలు) కొంటుందని ప్రకటించి, సరుకు మోయడానికి సైన్యాన్ని దింపారు. కొనడం కొన్నారు గాని అమ్మడం తెలియలేదు. ఒక విదేశీ కంపెనీతో కుదుర్చుకొన్న లక్ష టన్నుల బేరం కొన్ని నెలలకే రద్దయినది. గింజ గోదాములలో నిలిచింది, రైతుకు సొమ్ము ఆలస్యమైనది, ఇక్కడి బట్టీలు వేరే దేశాల గింజను వెతుక్కొన్నవి. 2023లో జీడిగింజలు మత్వారా రేవు నుంచే ఎగుమతి కావాలని ఆదేశించారు. దారెస్ సలామ్ కిరాయి లెక్కలు వేసుకొన్నవారు మళ్లీ లెక్క వేయవలసి వచ్చింది.

ఆ రేవుకు మన వేరుశనగ వర్తకులు గుర్తుంచుకోదగిన చరిత్ర ఉన్నది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత నూనె కొరత తీర్చుకోవడానికి బ్రిటిష్ ప్రభుత్వం టాంగన్యీకాలో లక్షల ఎకరాలలో వేరుశనగ వేయించ బూనుకొన్నది. మత్వారా రేవును ఆ పంట కోసమే తలపెట్టారు. వాన లెక్క చూడలేదు, ఎండితే రాయిలా గట్టిపడే నేలను చూడలేదు. మూడున్నర కోట్ల పౌన్లకు పైగా నష్టం రాసుకొని 1951లో పథకం ఎత్తివేశారు.

లవంగాల రాజీ

కొనుగోలుదారు, అమ్మకందారు పంతానికి పోతే ఏమవుతుందో జాంజిబార్ ఎన్నడో చూపింది. 1937లో అక్కడి బ్రిటిష్ పాలకులు లవంగాల వర్తకాన్ని ఒక పెంపకందార్ల సంఘం గుప్పిట పెట్టగా, తరతరాలుగా ఆ వ్యాపారంలో ఉన్న భారతీయ వర్తకులు ఎదురు తిరిగారు. కాంగ్రెసు పిలుపుతో మన దేశంలో జాంజిబార్ లవంగాల బహిష్కారం సాగింది. కొనేవారు లేక అక్కడ నిల్వలు పేరుకొన్నవి, ఇక్కడ వర్తకులకు వ్యాపారం లేదు. 1938లో రాజీకి రాక తప్పలేదు. ఒప్పందం మీద వర్తకం నిలుస్తుంది, ఉత్తర్వు మీద నిలవదు.

చేయవలసినది

కంది రైతుకు రక్షణ అక్కరలేదని ఇక్కడ ఎవరూ అనడం లేదు. తాండూరు రైతుకు మద్దతు ధర దక్కనప్పుడు విదేశీ కందికి పన్నీరు చల్లి స్వాగతం పలకమంటే ఏ ప్రభుత్వమూ వినదు, వినకూడదు కూడా. అభ్యంతరం రక్షణ మీద కాదు, అది వచ్చిపడే తీరు మీద. పంట కళ్లంలో ఉండగా తలుపు మూయడం వలన మన రైతుకు కలిగే మేలు స్వల్పం. మరుసటి ఏడు అక్కడి రైతు కంది మాని వేరే పైరు వేస్తాడు. మన పంట దెబ్బతిన్న ఏడు రెట్టింపు ధర ఇచ్చి తెచ్చుకోవలసి వస్తుంది.

కనుక దిగుమతి విధానాన్ని టాంజానియాలో విత్తు పడకముందే, అనగా అక్టోబరు లోపల, కనీసం రెండేళ్లకు సరిపడా ప్రకటించాలి. ధర మద్దతు ధరకు దిగువకు పోతే ఎంత సుంకం పడుతుందో ముందే చెప్పి, పరిమితుల జోలికి పోకుండా ఉండాలి. ఉత్తర్వు తేదీకి ముందే సొమ్ము కట్టిన సరుకును అడ్డు లేకుండా దిగనివ్వాలి. మొజాంబిక్‌కు ఇచ్చినటువంటి ఒప్పందాన్ని టాంజానియాతోనూ చేసుకొంటే ఇవి సులువుగా సాగుతవి.

వర్తకులు కూడా తమ వంతు చేయాలి. చాంబర్లు, సంఘాలు గడువు ముగిసే వారంలో అర్జీలు పట్టుకొని ఢిల్లీ పరుగెత్తడం మాని, అక్కడ విత్తనాలు పడే ముందే మాట వినిపించాలి. బేరం రాసుకొనేటప్పుడు ఏ రేవు, ఏ వేలం, ఉత్తర్వు మారితే నష్టం ఎవరిదన్నది కాగితం మీదకు ఎక్కించాలి. 2023లో రిజర్వు బ్యాంకు టాంజానియాతో రూపాయలలో చెల్లింపులకు కూడా దారి చూపింది, దానిని వాడుకోవడం తెలుసుకోవాలి. నమూనా గింజ చేతిలోకి తీసుకొని చూడకుండా ఎవరూ బేరం ఆడరు. ఆ గింజ ఏ వానకు పండింది, ఏ ఉత్తర్వు కింద ఓడ ఎక్కింది అన్నవి కూడా నమూనాలో భాగమే.