బాల్కను ద్వేషమను కట్టుకథ

ఇటీవల నొక సభలో విద్యావంతులైన వక్త యొకరు యుగొస్లావియా పతనమును ప్రస్తావించుచు, ఆ బాల్కను జాతులు ఆరువందల యేండ్లుగా నొకరినొకరు ద్వేషించుకొనుచున్నవనియు, సెర్బియా నేత స్లొబొదాన్ మిలోషెవిచ్ ఆ ద్వేషమునకు పుట్టిన బిడ్డ మాత్రమే యనియు, అట్టి ప్రజలను ఉక్కుపిడికిలి తప్ప వేరొకటి యదుపు చేయజాలదనియు సెలవిచ్చిరి. సభ యంతయు తలయూపినది. ఒక జాతినంతను బోనెక్కించి పీఠమెక్కినవానిని విడిచిపెట్టు ఈ వాదమును నేను సహింపజాలను.

ఎవరీ మిలోషెవిచ్? పొజారెవాత్స్‌లో 1941లో పుట్టి, బెల్‌గ్రేడులో న్యాయశాస్త్రము చదివి, టెక్నొగాస్ అను సంస్థకును, పిమ్మట బెయోబాంకా అను బ్యాంకునకును అధిపతియైన కమ్యూనిస్టు అధికారి. జాతీయవాదిగా అంతవరకు ఆయనకు పేరు లేదు. ఆయనను మెట్టుమెట్టునకు చేయిపట్టి యెక్కించినవాడు న్యాయకళాశాలనాటి మిత్రుడు, సెర్బియా కమ్యూనిస్టు నేత ఇవాన్ స్తాంబొలిచ్. 1987 ఏప్రిల్‌లో సెర్బియాలో స్వయంప్రతిపత్తి గల కొసొవో ప్రాంతమందలి కొసొవో పోల్యెకు పంపినవాడును ఆయనే. అచ్చట పోలీసు లాఠీలు తిన్న సెర్బులతో, మిమ్ము కొట్టు నధికార మెవ్వరికిని లేదని మిలోషెవిచ్ పలికిన యొక్క మాటను బెల్‌గ్రేడు టెలివిజను మరల మరల చూపినది. ఆ సెప్టెంబరులోనే, పార్టీ ఎనిమిదవ సమావేశమున, ఆయన స్తాంబొలిచ్ పక్షమును నేలగూల్చెను. ఆ తతంగమును సైతము ప్రజలు టెలివిజనులోనే చూచిరి. ఇందులో ఆరువందల యేండ్ల ద్వేష మెక్కడ? ఉపకారము చేసిన మిత్రుని కుర్చీ కాజేయుటకు పన్నిన పన్నాగ మిది. కొసొవో యుద్ధపు ఆరువందలవ వార్షికోత్సవమున, 1989 జూన్ 28న, గాజిమెస్తాన్‌లో ఆయన ప్రసంగించునాటికి కొసొవో స్వయంప్రతిపత్తి హరింపబడియే యుండెను.

సెర్బులే ద్వేషమూర్తులైనచో, టెలివిజను అబద్ధములపై 1991 మార్చి 9న బెల్‌గ్రేడు వీథులలో తిరుగబడిన సెర్బులమీదికి టాంకులు రావలసిన యగత్య మేమి? 1993లో యాభైవేల కోట్ల దినారుల నోటు అచ్చువేసి, దానిపై పసిపిల్లల కవి యోవాన్ యోవనోవిచ్ జ్మాయ్ బొమ్మ ముద్రించి, వృద్ధుల పింఛను చేతికందిన పూటకే కొరగాకుండ చేసినప్పుడు పస్తులున్నవారు సెర్బులే. 1996లో పురపాలక ఎన్నికల ఫలితములు అపహరింపబడినప్పుడు చలికాలమంతయు వీథులలో నడచినవారును సెర్బులే. ఆ నడకలను మన వక్తలు మాటవరుసకైనను తలపరు! క్రొయేషియాలో అధ్యక్షుడు తుజ్మన్ చేసిన దోషములు, నాటో బాంబులు వేరు లెక్కలు. వానివలన మిలోషెవిచ్ పాపము తగ్గదు.

ద్వేషమే లేదని నే ననను. కాని 1995 జూలైలో బొస్నియాలోని స్రెబ్రెనిత్సాలో ఎనిమిదివేలమంది ముస్లిము పురుషులను, బాలురను చంపిన బొస్నియా సెర్బుల సైన్యమును చూడుడు: దాని యధికారులకు జీతములు బెల్‌గ్రేడు నుండి యందుచుండెను. చరిత్రకారులు తిరుగవేయవలసినవి ఇట్టి జీతపు పట్టీలు, బ్యాంకు పద్దులు, వార్తాశాలలకు పోయిన యాజ్ఞలు.

2000 ఆగస్టులో, ఎన్నికలకు నెల ముందు, ఉదయపు వ్యాయామమునకు వెడలిన స్తాంబొలిచ్‌ను ఎత్తుకొనిపోయిరి. అక్టోబరు 5న ప్రజలు మిలోషెవిచ్‌ను గద్దె దింపిరి. మరుసటి యేడు ఆయన హేగ్ యుద్ధనేరముల న్యాయస్థానమునకు పంపబడి, 2006లో తీర్పు రాకమున్నే చెరలో మరణించెను. స్తాంబొలిచ్ అస్థికలు 2003లో ఫ్రుష్కా గోరా కొండపై దొరకినవి. ఆయనను చంపినవారు మిలోషెవిచ్ ప్రభుత్వపు ప్రత్యేక భద్రతాదళమువారే యని 2005లో బెల్‌గ్రేడు న్యాయస్థానము తేల్చినది. చచ్చినవాడును సెర్బే, చంపినవారును సెర్బులే.