కిందికి దించిన కార్లు: అలైన్‌మెంటు ఒక్కటే చాలదు

బెంగళూరులో సెకండ్ హ్యాండ్ కారు కొని సరిహద్దు పల్లెకు తెచ్చుకోవడం బాగేపల్లి, పావగడ, హోసూరు ప్రాంతాల తెలుగు కుటుంబాలకు కొత్త విషయమేమీ కాదు. నగరంలో ఉద్యోగం చేస్తున్న కుమారుడో, మేనల్లుడో బేరమాడి పండుగ నాటికి ఇంటి ముందు నిలుపుతాడు. అట్లా వచ్చే వాహనాలలో కొన్ని నేలకు మరీ దగ్గరగా ఉంటాయి. మొదటి యజమాని మోజుపడి పొట్టి స్ప్రింగులు వేయించినవో, ఉన్న స్ప్రింగులనే గ్రైండరుతో కోయించినవో అవి. చూపునకు ఠీవిగా ఉంటాయన్న మాట నిజమే. కొద్ది నెలలకే ముందు టైర్లు లోపలి అంచున నున్నగా అరిగిపోయి, దారం బయటపడినప్పుడుగాని ఇంటివారికి సంగతి తెలియదు. బయటి అంచు కొత్తదానివలెనే కనిపిస్తుంది గనుక ఎవరూ వంగి చూడరు.

దీనికి కారణం చక్రాల అమరికలో ఉంది. మన చిన్న కార్లలో అధిక భాగానికి ముందు చక్రం ఒక నిలువు స్ట్రట్టుకూ, కింద అడ్డంగా ఉండే లోయర్ ఆర్మ్‌కూ బిగించబడి ఉంటుంది. కారు ఎత్తు తగ్గితే ఆ ఆర్మ్ కోణం మారుతుంది. చక్రం పైభాగం లోపలికి వాలుతుంది. దీనినే క్యాంబర్ అంటారు. అంతకన్న ముఖ్యమైనది టో, అనగా రెండు చక్రాల ముక్కులు లోపలికో బయటికో తిరిగి ఉండటం. స్టీరింగు నుంచి చక్రానికి వెళ్ళే టై రాడ్ ఒక చాపంలోను, లోయర్ ఆర్మ్ మరొక చాపంలోను కదులుతాయి. ఎత్తు మారగానే ఆ రెండింటి పొత్తు చెడి, టో తప్పుతుంది. జనం టైరు అరుగుదలకు క్యాంబరునే తప్పుపడుతుంటారు గాని, టైరును తినేది ప్రధానంగా టో దోషమే. పావు డిగ్రీ పక్కకు తిరిగిన చక్రం కిలోమీటరుకు నాలుగు మీటర్లకు పైగా అడ్డంగా రాసుకుపోయినట్లు లెక్క. హోసూరు నుంచి బెంగళూరు వరకు సుమారు 40 కిలోమీటర్లు. ఒక్క ప్రయాణంలోనే 170 మీటర్లు అవుతుంది.

కాబట్టి ఎత్తు తగ్గించిన కారుకు అలైన్‌మెంటు తప్పనిసరి. అయితే స్ప్రింగులు మార్చిన గంటలోనే చేయిస్తే డబ్బు దండుగ. కొత్త స్ప్రింగులు నడిచిన కొద్దీ తమ స్థానంలో కుదురుకుని, కారు ఇంకొంచెం దిగుతుంది. కొన్ని వందల కిలోమీటర్లు మెల్లగా నడిపిన తరువాతనే కొలత నిలుస్తుంది. లోయర్ ఆర్మ్ బుష్‌ల బోల్టులను కారు జాకీ మీద వేలాడుతుండగా కాక, చక్రాలు నేలమీద ఆని బరువు పడినప్పుడు బిగించాలి. లేకుంటే రబ్బరు ఎప్పుడూ మెలిపడే ఉండి త్వరగా చీలిపోతుంది. టైర్లలో గాలి సరిచూసి, అరిగిన బాల్ జాయింట్లు, టై రాడ్ ఎండ్లు ముందుగా మార్చి, ఆ తరువాతనే యంత్రం మీదికి ఎక్కించాలి. చాలా చోట్ల జరుగుతున్నది ఇందుకు విరుద్ధం: టో ఒక్కటి తిప్పి, స్టీరింగు నిటారుగా నిలిపి, రసీదు చేతిలో పెడతారు. వారిని పూర్తిగా తప్పుపట్టనూ లేము. అనేక చిన్న కార్లలో కంపెనీ ఇచ్చిన సర్దుబాటు టో ఒక్కటే. క్యాంబరు సరిదిద్దాలంటే ప్రత్యేకమైన బోల్టులు వేయాలి. వెనుక ఇరుసు చాలా వాటిలో కదలనే కదలదు. పనికి ముందు, పనికి తరువాత తీసిన కొలతల కాగితాన్ని అడిగి తీసుకోవడం వినియోగదారునికి మేలు. బ్యాలెన్సింగ్ వేరు, అలైన్‌మెంటు వేరు అన్న సంగతి కూడా గుర్తుంచుకోవాలి.

ఇక రోడ్ల సంగతి. మన దేశపు ప్రమాణం ప్రకారం స్పీడ్ బ్రేకరు 10 సెంటీమీటర్ల ఎత్తు, 3.7 మీటర్ల వెడల్పు ఉండాలి. ఊరివారే మట్టి, కంకర పోసి కట్టుకునే దిబ్బలు ఈ లెక్కను ఎక్కడ పాటిస్తున్నాయి? 2018లో వచ్చిన స్విఫ్టుకు నేల నుంచి ఎత్తు 163 మిల్లీమీటర్లు. నలభై తగ్గిస్తే మిగిలేది 123. పెళ్ళికి అయిదుగురు ఎక్కి, డిక్కీలో బియ్యం బస్తా పడితే అందులోనూ కొంత పోతుంది. గుంటలో పడిన ప్రతిసారీ దెబ్బ తగిలేది అప్పుడే సరిచేయించిన అలైన్‌మెంటుకే.

చట్టం మరొక చిక్కు. మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షను, తయారీదారు పేర్కొన్న వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చరాదని చెబుతున్నది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు, కేరళ నుంచి వచ్చిన ఒక వ్యాజ్యంలో ఈ విషయాన్నే గట్టిగా నిలబెట్టింది. అదే ఏడాది చేసిన సవరణతో, అనుమతి లేని ఒక్కొక్క మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ విధించే వీలు ఏర్పడింది. శిక్ష యజమానికి. మార్పు చేయించినది పాత యజమాని అని వాదించుకోవలసిన భారం కొన్నవాని మీదనే పడుతుంది. ప్రమాదం జరిగితే బీమా సంస్థ కూడా ఈ మాట ఎత్తవచ్చు.

సరిహద్దు కుటుంబాలకు ఇది ఇంకా దగ్గరి సమస్య. కర్ణాటక నంబరుతో ఉన్న కారును ఆంధ్ర పల్లెలో పన్నెండు నెలలకు మించి ఉంచదలిస్తే, పాత కార్యాలయం నుంచి నిరభ్యంతర పత్రం తెచ్చి ఇక్కడ తిరిగి రిజిస్టరు చేయించుకోవాలి. అప్పుడు వాహనాన్ని అధికారి కళ్ళెదుట నిలపవలసి వస్తుంది. అన్నేళ్ళుగా ఎవరూ అడగని స్ప్రింగులు అక్కడ ప్రశ్నకు గురికావచ్చు.

బేరానికి వెళ్ళినవారు స్టీరింగును ఒక పక్కకు పూర్తిగా తిప్పించి, ముందు టైరు లోపలి అంచును చేత్తో తడిమి చూడాలి. రంపపు పళ్ళవలె తగిలితే టో తప్పినట్లే. పాత స్ప్రింగులు యజమాని ఇంటి మూలన పడి ఉంటే వాటిని కూడా బేరంలో కలిపి అడగడం మంచిది. కోసినవైతే కొత్తవి కొని వేయించుకొనక తప్పదు. అట్లు కారును తిరిగి ఎత్తించిన తరువాత మళ్ళీ అలైన్‌మెంటు చేయించి, హెడ్‌లైట్ల వెలుగు ఎంత దూరంలో పడుతున్నదో కూడా సరిచూపించాలి.