సోమశిల వంతెన: తీగల లోపలి మాట

కొల్లాపురము దాటి సోమశిల రేవునకు దిగినవారికి, శ్రీశైల జలాశయపు వెనుకనీరు మేర తెలియక పఱచుకొనియుండగా, ఆవలి యొడ్డున నున్న నంద్యాల సీమ కొండలు కంటికి దగ్గఱగను కాలికి దూరముగను తోచుట క్రొత్త గాదు. 2007 జనవరిలో మంచాలకట్టయొద్ద పడవ మునిగి అరువదిమందికి పైగా జలసమాధి యైన పిదప, ఇచట వంతెన యేల యని యడుగగలవారు లేరు. గద్వాల, వనపర్తి ప్రాంతములవారికి బీచుపల్లి వంతెన యున్నది. నాగర్‌కర్నూలు దక్షిణపు కొసనున్నవారికి మరబోటో చుట్టుదారియో గతి.

2022లో కేంద్రప్రభుత్వము సుమారు 1,082 కోట్ల రూపాయలతో తీగల వంతెనను మంజూరు చేసినపుడు, జనులు విశేషముగా చెప్పుకొనినది పాదచారులకై సంకల్పించిన గాజుబాటను గూర్చి. గాజు పగిలినచో మార్చవచ్చును. నా చింత తీగల మొనలను గూర్చి.

ఇట్టి వంతెనలో రహదారి బరువు తీగలవెంట పైకెక్కి, స్తంభశిరస్సును జేరి, అచటనుండి పునాదికి దిగును. కాంక్రీటు ఒత్తిడిని భరించును గాని లాగుడును సహింపజాలదు, లాగుడంతయు ఉక్కుదే. ఈ యుక్కును ఎండవానలనుండి కాపాడవలెనని, ఇటలీ ఇంజనీరు రికార్దో మొరాందీ 1967లో జెనోవా నగరమున ముగిసిన వంతెనకు, తీగలను కాంక్రీటు తొడుగులో బిగించెను. తొడుగు రక్షణ కాలేదు సరిగదా, లోపలి త్రుప్పునకు తెర యయ్యెను. ఉప్పుగాలి, పొగ చేయుచున్న హానిని గూర్చి 1979లో ఆయనయే వ్రాసినను, తీగలన్నింటికి సమానముగా మరమ్మతు జరుగలేదు. స్తంభమొక్కింటికి నాలుగే తీగలు. ఒకటి పోయినచో తక్కినవి మోయజాలవు. 2018 ఆగస్టు 14న వంతెన కూలి 43 మంది మరణించిరి. ఆయనయే వెనెజులాలో 1962లో ముగించిన మరకైబో వంతెన తీగలకు అట్టి తొడుగు లేదు; 1979లో అందొకటి తెగినపుడు, తక్కినవానినిగూడ మార్చి వంతెనను నిలుపుకొనిరి. కప్పియుంచిన లోపముకంటె కనబడు లోపమే మేలని నేనెంచుట యిందువలననే.

కృష్ణాతీరమున సముద్రపు ఉప్పు లేదు, నిజమే. కాని వాననీరు తీగవెంట జారి, తీగమొనను పట్టియుంచు క్రింది బిగింపు చెంత నిలుచుటకు ఉప్పుతో పనిలేదు. ఇప్పటి తీగలు జస్తాపూత, మైనము, ప్లాస్టిక్ గొట్టము తొడిగిన పెక్కు పోగుల కట్టలు. ఒక్కొక్క దానిని విప్పి మార్చు వీలుండును. అయితే సోమశిలకు సంకల్పించినది వ్రేలాడు వంతెనను గూడ కలిపిన మిశ్రమరూపము. వ్రేలాడు వంతెన పెద్దతీగను మార్చుట మిక్కిలి దుష్కరము. జపానువారు 1998లో తెఱచిన ఆకాషీ వంతెన పెద్దతీగలలోనికి పొడిగాలిని పంపుచు త్రుప్పును వారించుచున్నారు.

కావున గాజుబాటకు వెచ్చించు శ్రద్ధలో సగమైనను, బిగింపులలోనికి మనుష్యుడు దూరి చూడగల త్రోవకును, పొడిగాలి యంత్రములకును, ఏటేటి పరీక్షకు విడిగా నుంచు నిధికిని వెచ్చింపవలెను. ఇరురాష్ట్రముల నడుమ నిలుచు కట్టడము గనుక, పరీక్షా నివేదికలు తెలుగున అచ్చై కొల్లాపురమునందును నంద్యాలయందును ఎవ్వరడిగినను చూపబడవలెను.