గోఖలే పెట్టిన గడువు

కొత్తగా టీమ్ లీడ్ అయిన కుర్రవాడికైనా, నిన్న గెలిచిన సర్పంచికైనా సలహాలకు కరవుండదు. పై అధికారి చెబుతాడు, మేనమామ చెబుతాడు. పెద్ద కంపెనీలైతే మెంటర్ పేరుతో ఒక సీనియర్‌ను అప్పగిస్తున్నాయి కూడా. విన్నవాడు భక్తిగా తలూపుతాడు. సోమవారం పొద్దున మళ్లీ పాత పద్ధతిలోనే పని మొదలుపెడతాడు. సలహా చెడ్డదని కాదు. దాన్ని ఏ పని మీద, ఎన్నాళ్లు అమలు చేయాలో ఇతను అడగడు, ఆయనా చెప్పడు.

అవి స్పష్టంగా చెప్పిన పెద్దమనిషి ఒకరున్నారు. గాంధీ తన గురువుగా భావించిన గోపాలకృష్ణ గోఖలే.

1915 జనవరి 9న బొంబాయిలో ఓడ దిగేనాటికి గాంధీకి 45 ఏళ్లు. దక్షిణాఫ్రికాలో ఉద్యమాలు, జైళ్లు, జనరల్ స్మట్స్‌తో ఒప్పందం అన్నీ అయిపోయాయి. గోఖలే ఆయనకంటే పెద్ద మూడేళ్లే. అయినా ఒక షరతు పెట్టారు: ఏడాదిపాటు దేశం తిరగాలి, చూడాలి, వినాలి, ఇక్కడి రాజకీయాల మీద బహిరంగంగా మాట్లాడకూడదు. అంతే. నాయకత్వ లక్షణాల మీద ఉపన్యాసమేమీ లేదు. పేరున్నవాడికి అన్నిటికంటే కష్టమైనదేదో చూసి, దానికో గడువు కట్టారు.

ఆ మాట చెప్పే చనువు ఊరికే రాలేదు. 1901 కలకత్తా కాంగ్రెస్ తర్వాత గాంధీ నెలరోజులు గోఖలే ఇంట్లోనే ఉన్నారు. తిరుగు ప్రయాణం మూడో తరగతి పెట్టెలో చేస్తానంటే గోఖలే మొదట నవ్వి తీసిపారేశారు. జనం కష్టాలు తెలుసుకోవడానికని అర్థమయ్యాక ఒప్పుకున్నారు. పూరీలు, మిఠాయిలు నింపిన టిఫిన్ డబ్బా చేతికిచ్చి, ప్రఫుల్ల చంద్ర రాయ్‌తో కలిసి స్టేషన్ దాకా వచ్చారు. మొదటి తరగతిలో వెళ్తుంటే రాకపోదునని కూడా అన్నారట. పదమూడేళ్ల తర్వాత ఆయన పెట్టిన షరతు ఈ ప్రయాణానికి పొడిగింపే అనిపిస్తుంది నాకు. శిష్యుడికి అప్పటికే ఉన్న మంచి అలవాటును గురువు పట్టుకుని, దాన్నే ఏడాది పనిగా మార్చారు.

1915 ఫిబ్రవరి 19న గోఖలే కన్నుమూశారు. గాంధీ అప్పుడు శాంతినికేతన్‌లో ఉన్నారు. మాట తీసుకున్న మనిషి లేరు, నిలబెట్టుకున్నారో లేదో చూసేవారూ లేరు. మనలో చాలామందికి అందిన సలహాలు సరిగ్గా ఇక్కడే, పెద్దాయన బదిలీ అయిన మర్నాడే, అటకెక్కుతాయి. గాంధీ తిరుగుతూనే ఉన్నారు. రంగూన్, హరిద్వార్ కుంభమేళా, మద్రాసు, మే నెలలో మన నెల్లూరు. ఎక్కడికెళ్లినా దండలు, సన్మాన పత్రాలు. కృతజ్ఞతలు చెప్పేవారు, వివాదాల జోలికి పోయేవారు కాదు.

మౌనమంటే చేతులు కట్టుకోవడం కాదు. కాఠియావాడ్ వెళ్తుంటే వఢ్వాణ్ స్టేషన్లో మోతీలాల్ అనే దర్జీ ఎదురై, వీరంగాం దగ్గర సుంకం సిబ్బంది ప్రయాణికులను పెడుతున్న బాధలు చెప్పాడు. గాంధీ కాగితాలు తెప్పించి చదివారు, ఫిర్యాదు నిజమేనని తేల్చుకుని ప్రభుత్వానికి రాశారు, బొంబాయి గవర్నర్ విల్లింగ్డన్‌ను కలిశారు. మధ్యలో బగసరాలో మాట్లాడుతూ సత్యాగ్రహం ప్రస్తావన తెస్తే, ఇది బెదిరింపు కాదా అని ప్రభుత్వ కార్యదర్శి నిష్ఠూరమాడాడు. కాబట్టి వ్రతం పొల్లుపోకుండా సాగిందని నేననను. 1917లో ఆ సుంకం రద్దయింది.

గాంధీ 1909లో రాసిన 'హింద్ స్వరాజ్' గోఖలేకు నచ్చలేదు. మోటుగా, తొందరపాటుగా ఉందనుకున్నారు. ఏడాది దేశంలో ఉంటే ఆ అభిప్రాయాలు వాటంతటవే సర్దుకుంటాయని ఆయన నమ్మకం. ఆ ఏడాదీ గడిచింది. గాంధీ ఆ పుస్తకాన్ని వదులుకోలేదు. 1921లో సైతం అందులో ఒక్క మాట తప్ప మరేదీ తీసేయనన్నారు. గడువు తీరగానే, 1916 ఫిబ్రవరిలో, కాశీ హిందూ విశ్వవిద్యాలయ సభలో నగలు దిగేసుకొచ్చిన మహారాజుల ముఖం మీదే వారి ఆడంబరాన్ని ఏకిపారేశారు. అనీబిసెంట్ అడ్డుకున్నారు, రాజులు లేచి వెళ్లిపోయారు. మితవాది గోఖలే ఉండి ఉంటే మొహం చిట్లించేవారే.

అయితే గోఖలే లెక్క తప్పినట్టా? నేననుకోను. చెప్పిన పనిని శిష్యుడు చేశారు, ఆశించిన తీర్పును మాత్రం ఇవ్వలేదు. నా దృష్టిలో సలహాను అమలు చేయడమంటే ఇదే. మన ఆఫీసుల్లో, పార్టీల్లో తంతు దీనికి తలకిందులు. గురువుగారి అభిప్రాయాలు వల్లిస్తారు, ఆయన నడక, దగ్గు కూడా నేర్చుకుంటారు. ఆయన చేయమన్న పని మాత్రం పక్కన పడి ఉంటుంది.

ఏడాది పాటు వినడం గాంధీకి ఏమిచ్చిందో 1916 డిసెంబరులో లక్నో కాంగ్రెస్ సభల్లో తెలిసింది. చంపారన్ రైతు రాజ్‌కుమార్ శుక్లా నీలిమందు సాగు గోడు చెప్పి, కాంగ్రెస్‌లో తీర్మానం పెట్టమన్నాడు. గాంధీ ఒప్పుకోలేదు. కళ్లారా చూడకుండా అభిప్రాయం చెప్పలేనన్నారు. అప్పటికి గోఖలే గడువు ముగిసి దాదాపు ఏడాది. ఎవరూ నోరు కట్టడి చేయలేదు. 1917 ఏప్రిల్‌లో చంపారన్ వెళ్లి, వేలమంది రైతుల వాంగ్మూలాలు రాయించారు. ఆ కాగితాల బలంతోనే విచారణ కమిటీలో సభ్యుడయ్యారు. బలవంతపు నీలి సాగు 1918 చట్టంతో పోయింది.

ఇన్ని చేసిన శిష్యుడు గోఖలే స్థాపించిన సర్వెంట్స్ ఆఫ్ ఇండియా సొసైటీలో సభ్యుడు కాలేదు. పద్ధతులు కలవవని అక్కడివారు కొందరు జంకారు. తన వల్ల సంఘం చీలకూడదని గాంధీయే దరఖాస్తు వెనక్కి తీసుకున్నారు. పగ్గాలు శ్రీనివాస శాస్త్రి చేతికి వెళ్లాయి.

సలహాలిచ్చే సీనియర్లకు ఒక విన్నపం. ఈసారి ఎవరైనా మీ దగ్గరికొస్తే మంచి మాటలు పది చెప్పకండి. ఒక్క పని చెప్పండి, దానికి తేదీ పెట్టండి. ఆ తేదీ తర్వాత అతను మీతో విభేదిస్తే, కోపం తెచ్చుకోకుండా కూర్చోబెట్టి వినండి.