మన తాతలందఱును ఆఫీసులోనే పనిచేసిరా?

మన సంఘము వెలువరించు సంచికలలో శ్రీకృష్ణదేవరాయలను గూర్చియు, త్యాగరాజస్వామిని గూర్చియు, తెలుగు భాష తీయదనమును గూర్చియు వ్యాసములు తప్పక యుండును. ఉండవలసినదే. కాని నేను చదివినంతవఱకు ఛాంపియన్ రీఫ్ గనిని గూర్చి గాని, ఊరిగాము లైన్ ఇండ్లను గూర్చి గాని, మారికుప్పము రైలును గూర్చి గాని ఒక్క పుటయైన కానరాలేదు. మనము బ్రదుకుచున్నది హంపీలో కాదు, కోలారు బంగారు గనులలో. నా మాట కొందఱికి కటువుగా దోచవచ్చును. ఐనను చెప్పక తప్పదు.

మన ఊరిని గూర్చి లోకమున రెండు కథలు ప్రచారమున నున్నవి. మొదటిది దొరల కథ. లావెల్ అను ఐరిష్ సైనికుడు 1871లో వచ్చెననియు, 1880లో జాన్ టేలర్ కంపెనీ దిగెననియు, 1902లో శివనసముద్రము నుండి సుమారు 90 మైళ్ళు విద్యుత్తీగలు సాగెననియు, బంగళాలు, క్లబ్బు వెలసి ఊరికి ‘చిన్న ఇంగ్లండు’ అను పేరు వచ్చెననియు దాని సారము. రెండవది చలనచిత్రముల కథ. 2018లోను, 2022లోను మన ఊరి పేరు పెట్టుకొని వచ్చిన చిత్రములు దేశమంతట ఆడినవి. అందలి గనియు కల్పితమే, యజమానులును కల్పితులే. హైదరాబాదులో చదువుచున్న నా మనుమడు తనది ఏ ఊరో చెప్పినంతనే తోటి పిల్లలు తుపాకుల ముచ్చట లడుగుదురట! మొదటి కథలో మనము బంగళా వెనుక నిలిచిన నౌకరులము. రెండవ కథలో మనము బొత్తిగా లేము.

దొరలు రాకమునుపు ఇచ్చట ఏమియు లేదనుట సత్యము కాదు. 1802లో వారెన్ అను లెఫ్టినెంటు ఈ ప్రాంతమున తిరిగినపుడు ఊరిగాము, మారికుప్పము పల్లెలవారు మన్ను కడిగి బంగారు రేణువులు తీయుచుండుట కనుగొని వ్రాసిపెట్టెను. లావెల్ ఆ వ్రాత చదివియే వచ్చెను. కాబట్టి దొరకు త్రోవ చూపినది పల్లెవాని చేయి. విద్యుత్తు మాటయు నంతే. గని యంత్రములకు 1902లోనే అందిన ఆ వెలుగు, నా చిన్ననాటికి గూడ మా ఇంటికి రాలేదు. కిరసనాయిలు దీపము క్రిందనే నేను మెట్రిక్యులేషన్ పరీక్షకు చదివితిని.

“గనిలోనికి దిగినవారు తమిళులు గదా, ఆ చరిత్ర మనదెట్లగును?” అని మిత్రులొకరు నన్నడిగిరి. భూగర్భమున పనిచేసినవారిలో అధికసంఖ్యాకులు ఉత్తర ఆర్కాడు వైపునుండి వచ్చిన తమిళ దళితులనుట నిజము. దానిని తగ్గించి చెప్పువాడు అసత్యవాది. ఐనను చిత్తూరు సీమనుండి తెలుగు కుటుంబములును వచ్చినవి. మఱి ఈ జిల్లాకు తెలుగు క్రొత్త భాషయా? అప్పటి కోలారు జిల్లాలోనిదే యగు కైవారమున నారాయణ తాతయ్య తెలుగున కీర్తనలు చెప్పెను. మైసూరు రాష్ట్రపు మొదటి ముఖ్యమంత్రి కె. చెంగలరాయరెడ్డి మన ప్రక్కనున్న క్యాసంబళ్ళివాడు. బంగారు శిలకును రాష్ట్రపు టెల్ల తెలియదు. అది చిత్తూరు జిల్లాలోని బిసానత్తము, చిగురుగుంట వఱకు సాగినది. ఒకే కేజులో దిగి, ఒకే బండ క్రింద నలిగినవారి చరిత్రను భాషలవారీగా పంచుకొనుట యెట్లు?

ఇక మన లోపల నున్న అసలు వ్యాధిని చెప్పెదను. అది సిగ్గు. మనలో ఎవరినడిగినను “మా తాతగారు కంపెనీలో ఆఫీసు పని చేసిరి” అందురు. అందఱును ఆఫీసులోనే కూర్చుండిన, 3 కిలోమీటరులకు మించిన లోతున, బండలు కాగుచుండెడిచోట, గని నెవరు త్రవ్విరి? పరులను నిందింపను. నా తండ్రి నంది దుర్గము గనిలో బండ్లు త్రోసిన కూలి. మా అమ్మాయి పెండ్లి సంబంధమునకై వ్రాసిన కాగితమున ఆయన పేరి యెదుట ‘కంపెనీ ఉద్యోగి’ అని నా చేతితోనే వ్రాసితిని. అప్పటికి ఆయన గతించి ఏడేండ్లైనది. బ్రదికియుండిన నవ్వెడివాడో, ఏడ్చెడివాడో యెఱుగను.

కంపెనీ కూత మా గడియారము. ఆ కూత విని మా తల్లి పొయ్యి రాజవేయును. మఱొక కూత విని వీధి గుమ్మమున నిలుచును. అకస్మాత్తుగ నేల అదరి, గూటిలోని చెంబులు దొరలి పడినచో లోపల బండ పగిలినదని యర్థము. అంతట లైన్లలోని స్త్రీలందఱు షాఫ్టువైపు పరుగెత్తుదురు. తమవాడు పైకి వచ్చువఱకు ఎవరికిని నోట మాట యుండదు. ఎండకాలపు గాలికి సైనైడు దిబ్బల తెల్లని దుమ్ము లేచి మిద్దెపై ఎండబెట్టిన వడియములపై వ్రాలును. ఎందఱు తండ్రులు ఊపిరితిత్తులలో రాతిపొడి నింపుకొని, దగ్గి దగ్గి పోయిరి! 1930లో వేలిముద్రల నమోదును ప్రతిఘటించి సమ్మె చేసినవారు వీరే. 1946లో పోలీసు కాల్పులకు ఆరుగురిని బలియిచ్చినవారు వీరే. ఇందులో సిగ్గుపడదగిన దేమున్నది?

2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడినవి. ఆ పిమ్మట ఒక కార్యాలయమున పాత హాజరు పుస్తకములను తూకమునకు అమ్ముట నేను కన్నులార చూచితిని. దశాబ్దములు పద్దులు వ్రాసి పొట్ట పోసికొన్న గుమాస్తాను, ఒక్క పుస్తకమైన నడిగి తెచ్చుకొనలేదు. మా తండ్రి నంబరు బిళ్ళ మా ఇంటి గూటిలో చాలకాల ముండెను. ఇల్లు మారునపుడు పాత యిత్తడితో పాటు అదియు పోయినది. చరిత్రను దొరలు దాచిరని, సినిమావారు చెఱచిరని అనుటకు ముందు, దానిని పాత సామానులవానికి అమ్మినవారెవరో చెప్పుకొనవలదా?

నేడు మన పిల్లలు వేకువనే మారికుప్పము రైలెక్కి బెంగుళూరికి పనికి పోయి, రాత్రికి తిరిగి వచ్చుచున్నారు. ఊరు వారికి పడక మాత్రమే యైనది. వారికి చెప్పవలసిన వృద్ధులు ఒక్కొక్కరుగా రాలిపోవుచున్నారు. కావున సంఘమువారికి నాదొక విన్నపము. వచ్చు ఉగాది సంచికలో రాయలకు కొంచెము విశ్రాంతి నిండు. ఇంటింటినుండి ఒక్క పుట తెప్పింపుడు. తాతముత్తాతలు ఏ పల్లెనుండి వచ్చిరి, ఏ లైన్లో నుండిరి, ఏ గనిలో ఏ పని చేసిరి, ఎట్లు పోయిరి, గనులు మూసిన పిదప ఇల్లెట్లు గడిచెను — ఇంతమాత్రము చాలును. భాష సొగసు అక్కరలేదు. అబద్ధము లేకుండిన చాలును.

నా పుట నేను వ్రాసి కార్యదర్శిగారికి పంపితిని. అందులో తండ్రిగారి వృత్తి యను చోట ‘గని కూలి’ అని యున్నది.