గుండె మాట విందాం

తెలుగులో గుండెను గురించి ఎన్ని మాటలున్నాయో ఒకసారి లెక్కపెట్టి చూడండి. ధైర్యం గలవాణ్ణి గుండె గలవాడంటాం. భయపడితే గుండె జారిందంటాం. దుఃఖం ముంచుకువస్తే గుండె చెరువయిందంటాం. కష్టకాలంలో గుండె దిటవు చేసుకొమ్మని చెబుతాం. ఇన్ని మాటలు చెప్పుకొనే మనం, ఛాతీలో ఉన్న అసలు గుండె తన బాధ చెప్పుకొంటే మాత్రం వినిపించుకోం. "గ్యాసు పట్టింది, అదే పోతుంది" అని తోసివేస్తాం. ఈ అలవాటును మనం మానుకోవాలని నా అభిప్రాయం. అందుకు కారణాలు చెబుతాను.

నాందేడ్ జిల్లాలో, మాహూరు కొండల వైపున్న సర్ఖని గ్రామంలో ఒక ఇంటిని ఊహించుకోండి. ఇంటి పెద్ద పత్తి రైతు. వయస్సు యాభై దాటింది. బీడీ అలవాటు ఉంది. నెల రోజులుగా పత్తి మూట ఎత్తినా, వేగంగా నడిచినా ఛాతీ మీద బండ పెట్టినంత బరువుగా ఉంటున్నది. ఎడమ చెయ్యి లాగుతున్నది. కాసేపు కూర్చుంటే తగ్గిపోతున్నది. తొమ్మిదో తరగతి చదివే కూతురు ఇది గమనించి, "బాపూ, దవాఖానకు పోదాం" అన్నది. "ఏం లేదు బిడ్డా, తిన్నది అరుగలేదు. కొన్ని ఓమ నీళ్ళియ్యి" అన్నాడు తండ్రి. ఇటువంటి సంభాషణ జరగని ఊరు మన దేశంలో ఉండదేమో!

ఆ తండ్రి మాటలో ఎక్కడ పొరపాటు ఉన్నది? దానిని తెలుసుకోవాలంటే గుండె పనితీరు కొంత తెలియాలి. మన గుండె సుమారు మన పిడికిలి అంత ఉంటుంది. రోజుకు దాదాపు ఒక లక్షసార్లు కొట్టుకొంటుంది. ఒళ్ళంతటికీ రక్తాన్ని పంపే ఈ కండరానికి కూడా రక్తం కావాలి. దానిని తెచ్చి ఇచ్చేవి హృదయ ధమనులనే సన్నని నాళాలు. పొగాకు, రక్తపోటు, మధుమేహం, కొవ్వు మొదలైన కారణాల వల్ల వీటి లోపలి గోడలకు పూత పట్టి దారి ఇరుకవుతుంది. విశ్రాంతిగా ఉన్నప్పుడు ఆ కాస్త రక్తమే సరిపోతుంది. బరువు ఎత్తినప్పుడు చాలదు. అప్పుడే నొప్పి వస్తుంది. కూర్చుంటే తగ్గుతుంది. తగ్గింది కదా అని ఆ రైతు సంతోషించాడు. నిజానికి శ్రమతో వచ్చి విశ్రాంతితో తగ్గే నొప్పి గుండె ఇచ్చే ముందస్తు హెచ్చరిక కావచ్చు. ఆ దశలోనే వైద్యుణ్ణి చూస్తే చేయగలిగింది ఎంతో ఉంటుంది.

హెచ్చరికను పెడచెవిన పెడితే ఒకనాడు ఆ పూత పగిలి, దాని మీద రక్తం గడ్డకట్టి, దారి పూర్తిగా మూసుకుపోవచ్చు. అదే గుండెపోటు. అప్పటినుండి రక్తం అందని కండరం కొంచెం కొంచెంగా చచ్చిపోతూ ఉంటుంది. చచ్చిన కండరం మళ్ళీ మొలవదు. చేను ఎండితే మరుసటి ఏడు విత్తుకోవచ్చు గాని, గుండెకు ఆ అవకాశం లేదు. అందుకే గుండెపోటు విషయంలో గంటలు కాదు, నిమిషాలు లెక్క. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2019లో గుండె, రక్తనాళాల జబ్బులతో ప్రపంచంలో సుమారు 1 కోటి 79 లక్షల మంది మరణించారు. మరే ఇతర జబ్బూ ఇంతమందిని బలి తీసుకోలేదు.

దీనికి కొందరు ఎదురు చెబుతారు. "ఛాతీలో వచ్చే ప్రతి నొప్పీ గుండె నొప్పే అవుతుందా? చిన్న దానికల్లా దవాఖానకు పరుగెత్తడం పిరికితనం కాదా?" అంటారు. మొదటి మాట నిజమే. కండరాలు పట్టినా, కడుపులో ఆమ్లం పైకి తన్నినా ఛాతీలో నొప్పి వస్తుంది. అయితే ఏది ఏ నొప్పో ఇంట్లో కూర్చొని ఎవరూ తేల్చలేరు. గుండెపోటులో ఛాతీ నొప్పే రావాలన్న నియమం కూడా లేదు. కొందరికి దవడ, మెడ, వీపు, పైకడుపు నొప్పిగా ఉంటుంది. కొందరికి చల్లని చెమటలు, వాంతి, ఆయాసం, ఎప్పుడూ లేని నీరసం మాత్రమే కనిపిస్తాయి. ముఖ్యంగా స్త్రీలలో, మధుమేహం ఉన్నవారిలో ఇలా జరగడం ఎక్కువ. ఇంటి పనితో అలసట అనుకొని మన తల్లులు ఎంత బాధను మింగుతారో మనకు తెలియనిది కాదు.

ఇక పిరికితనం సంగతి. నొప్పిని దాచడం ధైర్యమా, నిజాన్ని తెలుసుకోవడానికి వెళ్ళడం ధైర్యమా? నేను రెండవదానినే ధైర్యమంటాను. గుండె జబ్బు కాదని తేలితే పోయేది ఒక పూట కూలి. అవునని తేలితే దక్కేది ప్రాణం.

పూర్వం గుండె లోపలి సంగతి తెలుసుకోవడం వైద్యులకు కూడా కష్టంగా ఉండేది. 1816లో ఫ్రాన్సు దేశపు వైద్యుడు లెన్నెక్ కాగితాన్ని గొట్టంగా చుట్టి రోగి ఛాతీ మీద పెట్టి విన్నాడు. స్టెతస్కోపు అలా పుట్టింది. గుండె విద్యుత్తును గీతలుగా చూపే యంత్రాన్ని హాలెండు శాస్త్రజ్ఞుడు ఐంథోవెన్ రూపొందించి 1924లో నోబెల్ బహుమతి పొందాడు. ఆ తొలి యంత్రాన్ని నడపడానికి అయిదుగురు మనుషులు కావలసివచ్చేది. రోగి చేతులను, కాలిని ఉప్పునీటి తొట్లలో ఉంచేవారు. ఈనాడు అదే ఇ.సి.జి. ఒక చిన్న పెట్టెలో ఇమిడిపోయి, కొద్ది నిమిషాల్లో గీత గీసి ఇస్తున్నది. మొదటి గీత బాగున్నా అనుమానం తీరకపోతే వైద్యులు మళ్ళీ తీస్తారు, రక్తపరీక్ష చేస్తారు. ఇంత సులువైన పరీక్షకు కూడా మనం వెనుకాడితే తప్పు ఎవరిది?

"డబ్బెక్కడిది?" అనే ప్రశ్న మాత్రం న్యాయమైనది. దానికి కొంత సమాధానం ఉన్నది. హైదరాబాదు హృద్రోగ నిపుణుడు డాక్టర్ సోమరాజు, శాస్త్రవేత్త అబ్దుల్ కలాంతో కలిసి, మూసుకుపోయే ధమనిని తెరిచి ఉంచే స్టెంటును తక్కువ ఖర్చుతో తయారు చేయించారు. అది కలాం-రాజు స్టెంటుగా పేరు పొందింది. 2017లో కేంద్ర ప్రభుత్వం స్టెంట్ల ధరలకు పరిమితి విధించింది. మహారాష్ట్రలో పేదల చికిత్స కోసం 2012లో ఆరంభమైన ఆరోగ్య పథకాన్ని మొదట ఎనిమిది జిల్లాల్లో అమలు చేశారు. వాటిలో నాందేడ్ ఒకటి. ఇప్పుడది మహాత్మా జ్యోతిరావు ఫూలే పేరుతో నడుస్తున్నది. అయినా సర్ఖని వంటి ఊరినుండి నాందేడ్ వంద కిలోమీటర్లకు పైబడిన దూరం. దూరం ఉన్నవారు ఆలస్యం చేయడానికి బదులు మరింత త్వరపడాలి. నొప్పి తగ్గకుండా ఉంటే బస్సు కోసం ఎదురుచూడకుండా 108కి ఫోను చేయాలి. మహారాష్ట్రలోను, తెలంగాణలోను ఆ సంఖ్య ఒకటే.

మన వంటివారికి మరొక చిక్కు ఉన్నది. కిన్వట్, ధర్మాబాద్, బిలోలి, దెగ్లూరు ప్రాంతాల్లో ఇంట్లో తెలుగు, బజారులో మరాఠీ. బాధ మాత్రం ఎవరికైనా తల్లిభాషలోనే వస్తుంది. "గుండెల్లో అదోలా ఉంది" అన్న పెద్దల మాటను మరాఠీ డాక్టరుకు ఎవరు చెప్పాలి? రెండు భాషలూ చదువుకొంటున్న మీరే చెప్పాలి. 'ఛాతీత్ దుఖతే' అంటే ఛాతీలో నొప్పి. 'దమ్ లాగ్తో' అంటే ఆయాసం. 'ఘామ్ యేతో' అంటే చెమట పడుతున్నది. 'డావా హాత్' అంటే ఎడమ చెయ్యి. నొప్పి ఎప్పుడు మొదలైంది, ఎంతసేపున్నది, ఏ పని చేస్తే వస్తున్నది, ఎటు పాకుతున్నది అనేవి ఒక కాగితం మీద రాసి తీసుకుపొండి. వాడుతున్న మందులను, పాత చీటీలను వెంట ఉంచుకోండి. బీడీ సంగతి దాచవద్దు. డాక్టరు తిడతాడని అబద్ధం చెబితే వైద్యం దారి తప్పుతుంది.

సర్ఖనిలో మనం ఊహించుకొన్న ఆ అమ్మాయి ఓమ నీళ్ళు ఇచ్చి ఊరుకోకూడదు. "బాపూ, నీకేమీ లేదని డాక్టరుతోనే చెప్పిద్దాం, పద" అని పట్టుబట్టాలి. పెద్దల మాట వినడం మర్యాదే. కాని పెద్దల ప్రాణం కాపాడటానికి ఒక్కసారి వారి మాట కాదనడం అంతకంటె పెద్ద మర్యాద. గుండె తన బాధ చెప్పుకొన్నప్పుడు విని, తోడు నడిచేవారు ఒక్కరున్నా ఆ ఇల్లు అదృష్టం చేసుకున్నట్టే. ఆ ఒక్కరు మీరు కావాలి.