అన్నాచెల్లెళ్ల కొట్టులో లెక్క పుస్తకం



వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని అడిగినప్పుడు పట్టుదల గురించి, క్రమశిక్షణ గురించి రాద్దామనుకున్నాం. అలాంటివి ఈ సంచికలో ఎలాగూ నాలుగైదు ఉంటాయి. అందుకని మేము డబ్బు, కన్నీళ్లు ఖర్చు పెట్టి తెలుసుకున్న విషయం ఒకటి రాస్తున్నాం. తోడబుట్టిన వాళ్లతో వ్యాపారం పెట్టేవాళ్లు మొదటి రోజే కాగితం రాసుకోవాలి. రక్తసంబంధం ఉంది కదా, కాగితం దేనికి అనుకోవడం పొరపాటని మా అభిప్రాయం.

మేము అంటే ఇద్దరం. అన్న ఈ హాస్టల్లో, చెల్లెలు బాలికల హాస్టల్లో పదో తరగతి దాకా చదివాం. ఈ వ్యాసం కూడా కలిసే రాశాం. రెండు చోట్ల మాట కుదరక వాక్యాలు కొట్టేశాం.

అన్నకు అక్షరాలు రాసే చెయ్యి ఇక్కడే వచ్చింది. పళ్లేల మీద, పెట్టెల మీద ఎర్ర పెయింటుతో రోల్ నంబర్లు వేసేవాడు. చెల్లెలు ముగ్గులతో మొదలుపెట్టి స్నేహితురాళ్ల రికార్డు పుస్తకాలన్నీ తనే గీసిపెట్టేది. 2016లో బస్టాండు వెనక సందులో స్క్రీన్ ప్రింటింగ్ కొట్టు తెరిచాం. శుభలేఖలు, విజిటింగ్ కార్డులు, స్కూళ్లకు సర్టిఫికెట్లు మా పని.

ఈ పని చూడనివాళ్ల కోసం రెండు మాటలు. చెక్క ఫ్రేముకు సన్నటి జాలీ గుడ్డ బిగించి, దానికి ఎమల్షన్ పూసి ఆరబెడతాం. దాని మీద డిజైన్ పాజిటివ్ పెట్టి వెలుతురు చూపిస్తే, వెలుతురు తగిలినంత మేర గట్టిపడుతుంది. నల్లటి గీతల కింద ఉన్నది నీళ్లతో కడిగితే పోతుంది. ఆ సందుల్లోంచి ఇంకు కార్డు మీదికి దిగుతుంది. ఒక్కో రంగుకు ఒక్కో స్క్రీను. డిజైన్ గీసి పాజిటివ్ తీసేది చెల్లెలు. ఇంకు లాగేది, గిరాకీలతో మాట్లాడేది అన్న.

తిరకాసు ఇక్కడే ఉంది. అన్న కొట్లో కూర్చునేవాడు కాబట్టి అతనిది వ్యాపారంలా కనబడేది. చెల్లెలు రాత్రి వంట, అంట్లు అయ్యాక ఇంట్లో కూర్చుని గీసేది కాబట్టి ఆమెది ఇంటిపనిలా కనబడేది. బోర్డు మీద అన్న పేరు. కొట్టు అద్దె కాగితం అన్న పేరున. పెట్టుబడికి తెచ్చిన యాభై వేల ముద్ర రుణం మాత్రం చెల్లెలి పేరున, ఆడవాళ్లకైతే త్వరగా ఇస్తారని ఎవరో చెబితే. అంటే కొట్టు ఒకరిది, అప్పు ఇంకొకరిది. ఇందులో ఎవరి దురుద్దేశమూ లేదు. అలా జరిగిపోయింది, అంతే.

2019లో చెల్లెలికి సంబంధం కుదిరింది. అప్పటికి బ్యాంకుకు ఇంకా పద్దెనిమిది వేలు కట్టాలి. "నేను పెళ్లయి వెళ్లాక అప్పు ఎవరు కడతారు? మూడేళ్లు గీసినదానికి నా వాటా ఎంత?" అని చెల్లెలు అడిగింది. "ఇంటి పనికి కూలి అడుగుతావా?" అన్నాడు అన్న. పెళ్లి ఖర్చంతా వాడే పెట్టుకుంటున్నాడు కదా అని అమ్మ కూడా అన్న పక్షమే. నిజానికి ఆ ఖర్చే చెల్లెలి వాటా అని అన్న మనసులో లెక్క వేసుకున్నాడు. ఆ లెక్క ఆమెకు ఎప్పుడూ చెప్పలేదు. కష్టానికి వచ్చే డబ్బు వేరు, పుట్టింటి పెట్టుపోత వేరు అని చెల్లెలు అనుకుంది. ఆ మాట ఆమె కూడా మూడేళ్లలో ఒక్కసారి పైకి అనలేదు.

మాటలు బందయ్యాయి. కొట్లో పని మాత్రం ఆగలేదు, చీటీల మీద నడిచింది. అలా ఒక చీటీ తప్పు చదివి, ఒక పెళ్లివారి ముహూర్తం ఉదయానికి బదులు రాత్రి అని నాలుగు వందల కార్డులు కొట్టేశాం. మా ఖర్చుతో మళ్లీ కొట్టి ఇచ్చాం. ఆ పెళ్లివారు మళ్లీ మా గుమ్మం తొక్కలేదు.

చివరికి లాయరుగా పనిచేస్తున్న మన హాస్టల్ సీనియర్ అన్న ఒకాయన ఇద్దరినీ కూర్చోబెట్టాడు. 1932 నాటి భాగస్వామ్య చట్టం ఒకటి ఉందని అప్పుడే విన్నాం. ఒప్పందం లేకపోతే లాభమైనా నష్టమైనా భాగస్వాములకు సమానమట. పని చేసినందుకు విడిగా జీతం అడగాలంటే మాత్రం ముందే ఒప్పుకుని ఉండాలట. మొదటిది విని చెల్లెలు నవ్వింది, రెండోది విని అన్న నవ్వాడు. "ఆమె భాగస్వామి అని చూపడానికే మీ దగ్గర ముక్క కాగితం లేదు, నవ్వులెందుకు?" అన్నాడాయన. తర్వాత అడిగిన మాటకు ఇద్దరం తల దించుకున్నాం. "హాస్టల్లో ఉప్పుకు కూడా స్టాక్ రిజిస్టర్ ఉండేది గదరా. ఫుడ్ కమిటీలో సంతకం పెట్టినవాడివి, సొంత చెల్లెలి దగ్గర రిజిస్టర్ ఎందుకు పెట్టలేదు?"

కాగితం రాస్తే ప్రేమ పోతుందని పెద్దవాళ్లు అంటారు. మా మేనమామ అయితే రైట్ సోదరులను చూపించాడు. వాళ్లు విమానానికి ముందు 1889లో ప్రింటింగ్ పనితోనే మొదలై, 1892లో సైకిల్ షాపు పెట్టారు. ఇద్దరిదీ ఒకటే బ్యాంకు ఖాతా. నిజమే. కానీ వాళ్లిద్దరూ పెళ్లి చేసుకోలేదు, ఒకే ఇంట్లో ఉన్నారు. మన పాఠంలో చెప్పని చెల్లెలు ఒకామె వాళ్లకు ఉంది, కేథరిన్. 1908లో విమానం కూలి ఆర్విల్ గాయపడితే, టీచరు ఉద్యోగం వదిలి వచ్చి సేవ చేసింది. ఆమే 1926లో, యాభై రెండేళ్ల వయసులో పెళ్లి చేసుకుంటే ఆర్విల్ మాట్లాడడం మానేశాడు. 1929లో ఆమె చావుబతుకుల్లో ఉన్నప్పుడుగాని చూడడానికి వెళ్లలేదు. ఇది చదివాక మా ఇంట్లో ఆ ఉదాహరణ ఎవరూ ఎత్తడం లేదు.

కాగితం లేని రోజుల్లో ప్రేమ మా ఇద్దరికీ ఉంది. ఆ ప్రేమ వల్లే అడగడానికి ఆమెకు మొహమాటం, చెప్పడానికి అతనికి బద్ధకం. బయటివాడితో అయితే మొదటి నెలలోనే అడిగేసేవాళ్లం.

పెళ్లికి వారం ముందు స్టాంపు కాగితం మీద రాసుకున్నాం. ముందు ఇద్దరికీ నెల జీతం, మిగిలినదాంట్లో చెరి సగం. మిగిలిన అప్పు కొట్టు కడుతుంది. రంగులు, డిజైన్ మీద చివరి మాట చెల్లెలిది. ధర మీద అన్నది. ఎవరైనా విడిపోదలిస్తే సామాను ఖరీదు ఎలా కట్టాలో కూడా రాశాం. ఆ షరతు రాస్తున్నప్పుడు అమ్మ లేచి లోపలికి వెళ్లిపోయింది.

రాసుకున్నాక గొడవలు లేవని చెప్పం. ఆషాఢంలో, మూఢంలో పెళ్లిళ్లుండవు, కార్డులుండవు. ఆ నెలల్లో జీతం ఎవరు వాయిదా వేసుకోవాలన్నది ప్రతి ఏడూ పేచీయే. వాట్సాప్‌లో శుభలేఖలు పంపడం మొదలయ్యాక ఐదు వందల కార్డుల గిరాకీ నూటయాభైకి దిగింది. 2022లో పల్చటి ప్లాస్టిక్ సంచుల మీద నిబంధనలు బిగిశాక కిరాణా కొట్లకు గుడ్డసంచుల మీద పేర్లు కొట్టే పని దొరికింది. అది చెల్లెలి ఆలోచనే. వద్దన్నది అన్న. ఈ వాక్యం కొట్టేయాలని అన్న పట్టుబట్టాడు, కుదరలేదు.

చెల్లెలు ఇప్పుడు అత్తవారి ఊరి నుంచే గీసి పంపుతుంది. నెలకొక ఆదివారం వచ్చి పుస్తకం చూస్తుంది. బోర్డు మీద రెండు పేర్లున్నాయి. ఎవరి పేరు ముందుండాలన్న దాని మీద పది రోజులు కొట్లాడి అక్షర క్రమంలో వేయించాం.

ఈ సంచిక అట్ట మీద బొమ్మ మాదే. బిల్లు ఇద్దరి పేరునా ఇచ్చాం. పాత విద్యార్థులు కదా, కొంచెం తగ్గించండి అన్నారు వార్డెన్ సార్. ఎంత తగ్గించాలన్నది ఇంకా మా ఇద్దరికీ తేలలేదు.